విన్నది తెలిసినదయ్యే వేళ: గజాలీ ‘ఇహ్యా’లో ‘తఫక్కుర్’ భావన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇస్లాం ధార్మిక జీవనంలో నిశ్శబ్ద మననానికి ఉన్న స్థానాన్ని అబూ హామిద్ గజాలీ (1058–1111) రచించిన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లోని ‘తఫక్కుర్’ గ్రంథం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తఫక్కుర్‌ను తెలుగులో ‘ధ్యానం’గా వ్యవహరించడం వల్ల దాని తార్కిక స్వభావం మరుగున పడుతున్నదని, గజాలీ దృష్టిలో మౌనానికి విలువ ‘విన్న’ విషయం ‘తెలిసిన’ విషయంగా మారడంలో ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ గ్రంథంలోని నిర్మాణాన్ని, ఉపమానాలను, అంతర్గత వైరుధ్యాన్ని, సామాజిక పరిమితులను చర్చించి, తెలుగు అనువాద పదాల ఎంపికపై కొన్ని సూచనలు చేస్తుంది.

కీలకపదాలు: తఫక్కుర్, జిక్ర్, మురాఖబా, మౌనం, మననం, గజాలీ, ఇబ్న్ తుఫైల్, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్యంలో ఇస్లాం ఎక్కువగా వినబడే మతంగానే కనిపిస్తుంది. మసీదు మీనారు నుంచి వచ్చే అజా, పీర్ల పండుగ డప్పు, దర్గా ఉర్సులో ఖవ్వాలీ – కథల్లోనూ కవిత్వంలోనూ ముస్లిం జీవితాన్ని పరిచయం చేసే గుర్తులు దాదాపు ఇవే. ఇవి అసత్యాలు కావు. అయితే ఈ శబ్దాల వెనుక ఒక దీర్ఘమైన నిశ్శబ్ద సంప్రదాయం ఉన్నదన్న సంగతి మన విమర్శలో తగినంతగా చర్చకు రాలేదు. వచ్చిన సందర్భాల్లో కూడా దానిని ‘సూఫీ ధ్యానం’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం పరిపాటి అయింది.

ఆ మాటలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, నిశ్శబ్ద మననం సూఫీలకు మాత్రమే చెందినదన్న భ్రమను అది కల్పిస్తుంది. రెండవది, ‘ధ్యానం’ అనగానే తెలుగు పాఠకునికి యోగశాస్త్రంలోని చిత్తవృత్తి నిరోధం, ఏకాగ్రత, ఆలోచన ఉపశమించిన స్థితి స్ఫురిస్తాయి. అరబీ పదమైన ‘తఫక్కుర్’ సూచించేది దీనికి దాదాపు ఎదురు దిశ. అది ఆలోచనను ఆపడం కాదు, ఆలోచనను నడిపించడం. ఈ భేదాన్ని గుర్తించకుండా చేసే తులనాత్మక అధ్యయనం ఇరుపక్షాలకూ న్యాయం చేయలేదు. అందువల్ల ఒక నిర్దిష్ట గ్రంథాన్ని తీసుకొని ఈ విషయాన్ని పరిశీలించడం అవసరం.

2. ఖురాన్, హదీసులలో శబ్దం – నిశ్శబ్దం:

‘ఖురాన్’ అనే పదానికి పఠనం అని అర్థం. సంప్రదాయం ప్రకారం మొదట అవతరించిన వాక్యాలు (96:1–5) ‘చదువు’ అన్న ఆజ్ఞతో మొదలవుతాయి. ఆ ఆజ్ఞ వినబడిన చోటు మక్కా సమీపంలోని హిరా గుహ. సహీహ్ బుఖారీలో ఆయిషా ఉల్లేఖనం ప్రకారం, దివ్యవాణికి ముందు ముహమ్మద్ ప్రవక్తకు ఏకాంతం ప్రీతిపాత్రమైంది. ఆయన కొన్ని రాత్రులకు సరిపడా ఆహారం వెంట తీసుకొని గుహకు వెళ్ళేవారు. అది అయిపోగానే ఖదీజా వద్దకు తిరిగి వచ్చి మళ్ళీ సద్ది కట్టించుకొని వెళ్ళేవారు. ఈ ఉల్లేఖనంలో మూడు అంశాలు గమనించదగినవి. ఏకాంతం పఠనానికి ముందు వచ్చింది. అది శాశ్వతమైనది కాదు, రాకపోకలతో కూడినది. దాని వెనుక ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక స్త్రీ ఉన్నారు. మూడవ అంశాన్ని ఈ వ్యాసం చివరలో మళ్ళీ ప్రస్తావించవలసి ఉంటుంది.

ఖురాన్ శబ్దాన్ని నిరాకరించదు, దానికి హద్దు పెడుతుంది. ప్రార్థనలో గొంతు మరీ పెంచవద్దని, మరీ తగ్గించవద్దని, నడిమి మార్గం చూసుకోమని 17:110 చెబుతుంది. ప్రభువును మనసులోనే, వినయంతో, బిగ్గరగా పలకకుండా స్మరించమని 7:205 బోధిస్తుంది. తరువాతి కాలంలో నఖ్ష్‌బందీలు తమ మౌన జిక్ర్‌కు ఆధారంగా చూపే వాక్యాలలో ఇది ముఖ్యమైనది. చిష్తీలు సమా అనే సంగీత శ్రవణానికి ప్రాధాన్యం ఇచ్చారు. దక్కనులో ఈ రెండు మార్గాలూ వేళ్ళూనుకున్నాయి. అయినా మన సాహిత్యానికి పరిచయమైనది ప్రధానంగా రెండవదే.

మౌనం దానంతటదే పుణ్యం అన్న భావనను మాత్రం హదీసులు అంగీకరించవు. ఎండలో నిలబడి, కూర్చోకుండా, నీడకు పోకుండా, మాట్లాడకుండా ఉపవాసం ఉంటానని మొక్కుకున్న అబూ ఇస్రాయీల్ అనే వ్యక్తి ఉదంతం బుఖారీలో ఉన్నది. ప్రవక్త అతనిని మాట్లాడమని, నీడకు వెళ్ళి కూర్చోమని, ఉపవాసాన్ని మాత్రం పూర్తిచేయమని ఆదేశించారు. మౌనవ్రతంతో హజ్ చేస్తున్న ఒక స్త్రీని అబూబకర్ వారించి, అది ఇస్లాంకు పూర్వపు ఆచారమని చెప్పిన ఉదంతం కూడా అదే సంకలనంలో ఉన్నది. ఖురాన్‌లో జకరియ్యా మూడు రోజులు మాట్లాడకపోవడం, మర్యం మౌనోపవాసం (19:10, 19:26) ప్రస్తావితాలే. అవి ప్రత్యేక సందర్భాల్లో దైవసంకేతాలుగా వచ్చినవి. సామాన్య విశ్వాసికి వర్తించే సూత్రం వేరు: మంచిమాట పలకాలి, లేదా మౌనంగా ఉండాలి. ఇక్కడ మౌనం మాటకు ప్రత్యామ్నాయంగా వచ్చింది, మాట కంటే పై మెట్టుగా రాలేదు.

మరి విలువ దేనికి? ‘ఫ-క-ర’ ధాతువు ఖురాన్‌లో 18 సార్లు వస్తుంది. అందులో 17 సార్లు ‘తఫక్కుర్’కు చెందిన రూపాలే. నిలబడి, కూర్చొని, పక్కమీద వాలి దైవాన్ని స్మరిస్తూ భూమ్యాకాశాల సృష్టిని గురించి ఆలోచించేవారిని 3:191 ప్రశంసిస్తుంది. ఒంటె ఎలా సృష్టింపబడిందో, ఆకాశం ఎలా ఎత్తబడిందో, పర్వతాలు ఎలా నాటబడ్డాయో, నేల ఎలా పరచబడిందో చూడరా అని 88:17–20 ప్రశ్నిస్తుంది. ఇద్దరిద్దరుగానో, ఒంటరిగానో నిలిచి ఆలోచించమని 34:46 కోరుతుంది. గుంపులో ఆలోచన చెదిరిపోతుందన్న గ్రహింపు ఈ చివరి వాక్యంలో ఉన్నది. తఫక్కుర్‌కు ఏకాంతం తప్పనిసరి కాదని, ఇద్దరు కలిసి కూడా ఆలోచించవచ్చని కూడా అది సూచిస్తుంది.

మిగిలిన ఒక్క ప్రయోగం (74:18) మరింత ఆసక్తికరమైనది. అక్కడ ఆలోచించినవాడు ప్రవక్తకు ప్రత్యర్థి. అతడు ఆలోచించి, లెక్కవేసి, చివరకు ఈ వాణి మాయ అని తేల్చాడు. అంటే ఆలోచన దానంతటదే పవిత్రం కాదు. దాని దిశ ముఖ్యం. ఈ అంశమే గజాలీ గ్రంథానికి బలమూ, బలహీనతా అయింది.

3. బోధన నుంచి మౌనానికి: గజాలీ అనుభవం:

తూస్ నగరంలో జన్మించిన గజాలీ 1091లో బాగ్దాద్ నిజామియా విద్యాపీఠంలో ఆచార్యుడయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు 33 ఏళ్ళు. తన వద్ద మూడువందలమంది విద్యార్థులు ఉండేవారని ఆయనే ‘అల్ మున్‌ఖిజ్ మినద్దలాల్’ అనే ఆత్మకథాత్మక రచనలో చెప్పుకున్నాడు. 1095లో ఆయనకు ఒక విచిత్రమైన వ్యాధి సోకింది. పాఠం చెప్పడానికి నోరు తెరిస్తే మాట వచ్చేది కాదు. తిన్న తిండి జీర్ణం కాలేదు. వైద్యులు ఇది మనసుకు సంబంధించిన జబ్బని తేల్చి ఆశ వదులుకున్నారు. ఆ తర్వాత ఆయన పదవిని, సంపదను విడిచి డమాస్కస్ చేరి, అక్కడి పెద్ద మసీదు మీనారు ఎక్కి, తలుపు మూసుకొని పగళ్ళు గడిపాడు. జెరూసలేం, మక్కా, మదీనా దర్శించాడు. దాదాపు పదేళ్ళు బోధనకు దూరంగా ఉన్నాడు.

ఈ ఉదంతానికి రాజకీయ కారణాలున్నాయని కొందరు ఆధునిక పరిశోధకులు వాదించారు. ఆయనకు ఆశ్రయమిచ్చిన మంత్రి నిజాముల్ ముల్క్ 1092లో హత్యకు గురయ్యాడు. సల్జూక్ రాజ్యం వారసత్వ కలహాల్లో మునిగింది. బాతినీలకు వ్యతిరేకంగా రాసిన గజాలీకి ప్రాణభయం ఉండే అవకాశమూ ఉన్నది. ఈ వాదాన్ని కొట్టివేయనవసరం లేదు. అయితే సాహిత్య విమర్శకు ముఖ్యమైనది ఆయన తన అనుభవాన్ని ఏ రూపంలో కథనం చేశాడన్నది. భయం వల్ల ఊరు విడిచినట్లు ఆయన రాయలేదు. గొంతు పోయినట్లు రాశాడు. ఆచార్యునికి గొంతే వృత్తి, గొంతే ప్రతిష్ఠ. తాను చెబుతున్నది తనకే ‘తెలియదు’ అన్న స్పృహ ఆ గొంతును మూసివేసిందన్నది ఆ కథనంలోని ధ్వని.

అదే గ్రంథంలో ఆయన ఒక భేదం చూపుతాడు. ఆరోగ్యానికి నిర్వచనం తెలిసి ఉండటం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. వైద్యుడు జబ్బుపడినప్పుడు ఆరోగ్యమంటే ఏమిటో అతనికి బాగా తెలుసు, ఆరోగ్యం మాత్రం లేదు. ఈ భేదమే ‘ఇహ్యా’ అంతటికీ పునాది. ఈ నేపథ్యంలో చూస్తే గజాలీ మౌనం ఎంచుకున్న వ్రతంగా మొదలు కాలేదు. అది ముందు రోగంగా వచ్చింది, తరువాత సాధన అయింది.

4. ‘తఫక్కుర్’ గ్రంథ నిర్మాణం:

‘ఇహ్యా’లో నాలుగు భాగాలు, ఒక్కొక్క భాగంలో పది గ్రంథాల చొప్పున మొత్తం నలభై గ్రంథాలున్నాయి. ఆరాధనలు, లోకవ్యవహారాలు, వినాశకర గుణాలు, రక్షక గుణాలు అన్నది ఆ భాగాల వరుస. తఫక్కుర్ గ్రంథం 39వది. దానికి ముందున్న 38వ గ్రంథం మురాఖబా, ముహాసబాలను గురించినది. తరువాతి గ్రంథం మృత్యువును గురించినది. తనను తాను లెక్క చూసుకోవడానికీ, మరణానికీ నడుమ మననం నిలిచింది. ఈ స్థాననిర్ణయం యాదృచ్ఛికం కాదు.

గ్రంథారంభంలో గజాలీ ఒక ఘడియ మననం ఒక సంవత్సరం ఆరాధన కంటే మేలన్న ఉల్లేఖనాన్ని ప్రస్తావిస్తాడు. ఇది ప్రవక్త వాక్యంగా ఎంతవరకు ప్రామాణికం అన్నది వివాదాస్పదం. వేరే పాఠాల్లో ‘అరవై సంవత్సరాలు’ అని కూడా ఉన్నది. ‘ఇహ్యా’లోని హదీసుల ఆధారాలను పరిశోధించిన జైనుద్దీన్ ఇరాఖీ (మ. 1404) దీని పరంపరను బలహీనమైనదిగా గుర్తించాడు. మననం విలువను చెప్పేటప్పుడు మన వ్యాసాల్లో ఈ వాక్యాన్ని నిర్వివాదమైన ప్రవక్త వచనంగా వాడటం సరికాదు. గజాలీ వాదం ఈ ఉల్లేఖనం మీద ఆధారపడి లేదు కూడా.

ఆయన వాదం నిర్వచనంలో ఉన్నది. మనసులో రెండు జ్ఞానాలను ఒకచోట చేర్చి, వాటి నుంచి మూడవ జ్ఞానాన్ని ఫలంగా పొందడమే తఫక్కుర్. ఆయన ఇచ్చిన ఉదాహరణ ఇది: పరలోకం ఇహలోకం కంటే మేలని ఒకడు ఇతరుల నోట విని నమ్మవచ్చు. అప్పుడు అతనికి ఉన్నది అనుసరణ (తఖ్లీద్) మాత్రమే, దానిని జ్ఞానం అనలేము. మరొకడు, నిలిచేది నశించేదానికంటే మేలని తెలుసుకుంటాడు. పరలోకం నిలిచేదని తెలుసుకుంటాడు. ఈ రెంటినీ కలిపి, పరలోకం మేలన్న మూడవ జ్ఞానానికి చేరతాడు. ఇద్దరి నోటి నుంచీ వెలువడే వాక్యం ఒక్కటే. ఒకనికి అది విన్నది, మరొకనికి తెలిసినది.

తర్కశాస్త్రం చదివినవారికి ఇక్కడ అరిస్టాటిల్ అనుమానవాక్యం వెంటనే కనిపిస్తుంది. ‘తహాఫుతుల్ ఫలాసిఫా’లో తత్త్వవేత్తలను ఖండించిన గజాలీ వారి తర్కాన్ని మాత్రం వదులుకోలేదు. దానిని పాఠశాల నుంచి తీసుకొచ్చి ప్రార్థన చాప మీద కూర్చోబెట్టాడు. ఈ పని ఎంత సాహసోపేతమైనదో గుర్తించాలి. భక్తి ఒకవైపు, తర్కం మరొకవైపు అన్న విభజనకు ఆయన నిర్వచనంలో చోటు లేదు.

రెండు జ్ఞానాలనూ మనసులో నిలుపుకోవడం తజక్కుర్ (గుర్తుచేసుకోవడం). వాటి నుంచి మూడవదానిని వెదకడం తఫక్కుర్. ఆలోచించే ప్రతివాడూ గుర్తుచేసుకుంటాడు, గుర్తుచేసుకునే ప్రతివాడూ ఆలోచించడు. రాయిని ఇనుముకు కొట్టినప్పుడు నిప్పు పుట్టి, ఆ వెలుగులో కన్ను చూసి, కాళ్ళూచేతులూ కదిలినట్లు, రెండు జ్ఞానాల కలయికలో పుట్టిన వెలుగు మనఃస్థితిని మారుస్తుంది, మారిన స్థితి క్రియను మారుస్తుంది. జ్ఞానం, స్థితి, క్రియ అనే ఈ మూడు మెట్ల వరుస ‘ఇహ్యా’ నాలుగవ భాగమంతా కనిపిస్తుంది. మననానికి పరీక్ష మనశ్శాంతి కాదని, మారిన నడవడి అని దీని సారాంశం. నేటి ‘ఒత్తిడి నివారణ’ పుస్తకాలు సూఫీ మౌనాన్ని ఉదాహరించేటప్పుడు సరిగ్గా ఈ మూడవ మెట్టునే వదిలివేస్తున్నాయి.

5. ఉపమానాల పనితీరు:

మననానికి విషయాలు రెండని గజాలీ విభజిస్తాడు. ఒకటి తాను, మరొకటి దైవం. తనను గురించిన మననంలో ప్రతి అవయవాన్నీ విడివిడిగా ప్రశ్నించమంటాడు. ఈ రోజు నాలుక ఏమి పలికింది, చెవి ఏమి విన్నది, కడుపులోకి పోయినది ఎవరి సొమ్ము? ఇక్కడ ముందరి గ్రంథంలోని వర్తక ఉపమానాన్ని జ్ఞాపకం చేసుకోవాలి. బుద్ధి వ్యాపారి, మనసు భాగస్వామి. భాగస్వామితో ఉదయం షరతులు రాసుకోవాలి, పగలంతా కనిపెట్టి ఉండాలి, రాత్రి లెక్క చూసుకోవాలి, తేడా వస్తే జరిమానా వేయాలి. మౌనాన్ని వర్ణించడానికి అడవిని, కొలనును కాకుండా అంగడిని, పద్దుపుస్తకాన్ని ఎంచుకోవడం విశేషం. ఈ మౌనం లోకాన్ని విడిచినవాడిది కాదు. దుకాణం మూసి దీపం దగ్గర కూర్చున్నవాడిది.

దైవాన్ని గురించిన మననంలో మొదటి హెచ్చరిక దైవసారాన్ని గురించి ఆలోచించవద్దన్నది. గబ్బిలం కన్ను సూర్యకాంతిని తట్టుకోలేనట్లే మానవబుద్ధి ఆ వెలుగును తట్టుకోలేదు. అందువల్ల గ్రహణవేళ పళ్ళెంలో నీళ్ళు పోసి సూర్యుని ప్రతిబింబాన్ని చూసినట్లు, సృష్టి అనే నీటిలో స్రష్టను చూడాలి. గ్రహణాన్ని నీళ్ళ పళ్ళెంలో చూడటం మన ఊళ్ళలోనూ పెద్దలకు పరిచితమే కనుక ఈ ఉపమానం తెలుగు పాఠకునికి వ్యాఖ్యానం లేకుండానే అందుతుంది. నీరు కాంతిని కొంత తగ్గిస్తుంది. ఆ తగ్గింపే చూడటాన్ని సాధ్యం చేస్తుంది. మౌనం కూడా అటువంటి మాధ్యమమే.

ఆ తరువాత సృష్టి వర్ణన మొదలవుతుంది. వీర్యబిందువు నుంచి మానవదేహం, భూమి, కొండల కింది ఖనిజాలు, జంతువులు, సముద్రాలు, గాలి, నక్షత్రాలు – ఒకదాని తరువాత ఒకటి, ‘చూడు’ అన్న క్రియాపదం పదేపదే మోగుతూ ఉండగా సాగుతాయి. ఈ ప్రకరణం చివర వచ్చే చీమ ఉపమానం గ్రంథం మొత్తంలో మిన్న. రాజభవనంలో పుట్టలో ఉన్న చీమ బయటికి వచ్చి మరొక చీమను కలిస్తే తన పుట్టను గురించి, దాచుకున్న గింజలను గురించి మాత్రమే మాట్లాడగలదు. భవనం సంగతి, రాజు సంగతి దానికి తెలియవు. మనిషి కూడా అంతేనని గజాలీ అంటాడు. అయితే చీమకు భవనాన్ని తెలుసుకొనే దారి లేదు, మనిషికి ఉన్నది. ఉపమానంలోని పదును ఈ చివరి భేదంలో ఉన్నది. పోలికతో తలవంచేటట్లు చేసి, వెంటనే ఆ పోలికను తెంచి బాధ్యతను గుర్తుచేస్తాడు. మరో ఇంటి పోలిక కూడా ఈ సందర్భంలోనిదే: ధనవంతుని ఇంటి రంగులను చూసి వచ్చినవాడు వాటిని గురించి జీవితాంతం చెప్పుకుంటాడు, తాను రోజూ నివసించే ఆకాశం కింది ఇంటిని మాత్రం ఒక్కసారైనా తలెత్తి చూడడు.

6. అంతర్గత వైరుధ్యం – సామాజిక పరిమితి:

ఇంతటి గ్రంథానికి కూడా కొన్ని ప్రశ్నలు వేయక తప్పదు.

మొదటిది మననఫలానికి సంబంధించినది. మూడవ జ్ఞానాన్ని ‘వెదకడం’ తఫక్కుర్ అని గజాలీ నిర్వచించాడు. కానీ సృష్టివర్ణనలో ఆ మూడవ జ్ఞానం ముందే సిద్ధంగా ఉన్నది. సాలెగూడును చూసినా, నక్షత్రాన్ని చూసినా చేరవలసిన నిర్ణయం ఒక్కటే. ఇదే సృష్టిని ప్రకృతివాది చూసి దారితప్పుతాడని ఆయనే గ్రంథాంతంలో ఒప్పుకుంటాడు. అంటే ఫలాన్ని నిర్ణయించేది మననం కాదు, మననానికి ముందున్న దృక్కోణం. అప్పుడు ఇది అన్వేషణా, నిదర్శనమా? పైగా, గజాలీ చేసిన మననాన్ని చదివి తలూపే పాఠకుడు మళ్ళీ అనుసరణలోకే జారుకుంటాడు. విన్నదానిని తెలిసినదిగా మార్చుకోమని చెప్పే గ్రంథం కూడా చివరకు వినబడేదే. ఈ చిక్కును గజాలీ పరిష్కరించలేదు. బహుశా ఏ గ్రంథమూ పరిష్కరించలేదు.

ఈ ప్రశ్నకు మరొక దిశ నుంచి వచ్చిన సమాధానంగా ఇబ్న్ తుఫైల్ (మ. 1185) రచించిన ‘హయ్ ఇబ్న్ యఖ్‌జాన్’ను చదవవచ్చు. మనుషులు లేని దీవిలో లేడి పాలు తాగి పెరిగిన హయ్‌కు గ్రంథం లేదు, గురువు లేడు, భాష కూడా లేదు. ఒకనాడు ఆ లేడి చనిపోతుంది. ఎప్పుడూ పలికే పిలుపుతో ఎంత పిలిచినా అది పలకదు. ఆ నిశ్శబ్దంలో అతని ఆలోచన మొదలవుతుంది. దాని దేహాన్ని కోసి, గుండెను వెదికి, అక్కడ ఉండవలసినది వెళ్ళిపోయిందని గ్రహిస్తాడు. ఇక్కడ మననానికి మూలం ముందే ఉన్న విశ్వాసం కాదు, దుఃఖం. గజాలీని తన పీఠికలో ప్రస్తావించిన ఇబ్న్ తుఫైల్, గజాలీ చూపని ప్రారంభస్థానాన్ని చూపాడు. అయితే ముగింపులో ఇద్దరి దారులూ మళ్ళీ వేరవుతాయి. హయ్ పక్క దీవి ప్రజలకు తాను తెలుసుకున్నది చెప్పబోయి విఫలుడై, తన దీవికి తిరిగిపోతాడు. గజాలీ 1106లో నైషాపూర్ నిజామియాలో మళ్ళీ బోధనకు కూర్చుంటాడు. వెనుక తాను ప్రతిష్ఠ తెచ్చిపెట్టే విద్యను చెప్పానని, ఇప్పుడు ప్రతిష్ఠను వదులుకొనే విద్యను చెబుతున్నానని ఆయన భావం. మౌనం నుంచి మాటకు తిరిగి రావడం ఓటమి కాదన్నది గజాలీ నమ్మకం. ‘ఇహ్యా’లోని ఏకాంతవాస గ్రంథంలో (16వది) కూడా ఏకాంతం వల్ల పోగొట్టుకొనేవాటిలో మొదట బోధన, అధ్యయనాలనే ఆయన లెక్కించాడు.

రెండవ ప్రశ్న తీరికకు సంబంధించినది. మననానికి తీరిక కావాలి, తీరిక అందరికీ సమానంగా దొరకదు. గజాలీకి ఈ స్పృహ లేకపోలేదు. దినచర్యలను వివరించే 10వ గ్రంథంలో ఆరాధకునికి, పండితునికి, విద్యార్థికి, వృత్తిపనివానికి, పాలకునికి, దైవంలో లీనమైనవానికి వేర్వేరు క్రమాలను సూచించాడు. కుటుంబాన్ని పోషించవలసిన పనివాడు పనిని విడిచి ప్రార్థనలో మునగరాదని, పని చేస్తూనే స్మరించుకోవాలని చెప్పాడు. అయినా ఈ పట్టికలో ఇంటిపని చేసే స్త్రీకి ప్రత్యేకమైన స్థానం లేదు. హిరా గుహకు వెళ్ళిన సద్దిని కట్టిన చేతులకు తఫక్కుర్ ఎప్పుడు, ఎలా అన్న ప్రశ్న ఈ గ్రంథంలో అడగబడలేదు. సంప్రదాయంలో స్త్రీల గొంతు లేదని దీని అర్థం కాదు. అబుద్దర్దా చేసిన ఆరాధనలలో మిన్న ఏదని అడిగితే, మననమని చెప్పింది ఆయన భార్య ఉమ్ముద్దర్దా. వసంతాన్ని చూడటానికి బయటికి రమ్మన్న పరిచారికతో, లోపలికి వచ్చి వసంతాన్ని చేసినవానిని చూడమన్నదని బస్రా రాబియా (మ. 801)ను గురించి ఒక ఐతిహ్యం ఉన్నది. గజాలీ ‘చూడు’ అని బయటికి చూపిన వేలును రాబియా లోపలికి తిప్పింది.

7. తెలుగులో పదాల ఎంపిక:

ఈ చర్చ మనకు అనువాద సమస్యగా తిరిగి వస్తుంది. తఫక్కుర్‌కు ‘ధ్యానం’ తగదని పైన చూశాము. ‘చింతన’ కొంత దగ్గరి మాటే. అయితే ‘చింత’తో ఉన్న సంబంధం వల్ల అందులో దిగులు నీడ పడుతుంది. వేదాంతంలోని శ్రవణ, మనన, నిదిధ్యాసనాల వరుసలో ‘మననం’ దీనికి అన్నిటికంటే సమీపమైనది. ఎందుకంటే, అక్కడ కూడా విన్నదానిని యుక్తితో పరిశీలించి సంశయం లేకుండా చేసుకోవడమే మననం. భేదమూ ఉన్నది. వేదాంత మననానికి విషయం శ్రుతివాక్యం. తఫక్కుర్‌కు ఒంటె, సాలెపురుగు, నిన్నటి మన ప్రవర్తన కూడా విషయాలే. అందువల్ల శాస్త్రీయ రచనలో ‘తఫక్కుర్’ అన్న మూలపదాన్ని ఉంచి, మొదటిసారి ‘మననం’ అని వివరించడం ఉచితం. జిక్ర్‌కు ‘స్మరణ’, ఖల్వత్‌కు ‘ఏకాంతవాసం’, మురాఖబాకు ‘కనిపెట్టి ఉండటం’, ముహాసబాకు ‘లెక్క చూసుకోవడం’ అన్న వాడుకమాటలు సరిపోతాయి. చివరి రెంటికీ సంస్కృత సమాసాలు కల్పిస్తే మూలంలోని అంగడి వాసన పోతుంది.

‘మౌనం’ అన్న పదం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1998లో వచ్చిన ‘జల్‌జలా’ సంకలనం మొదలుకొని ముస్లింవాద సాహిత్యం ప్రధానంగా నోరు విప్పిన సాహిత్యం. అక్కడ మౌనమంటే చాలాసార్లు రుద్దబడిన మౌనమే. అటువంటి సందర్భంలో ఇస్లాం మౌనానికి విలువనిస్తుందన్న మాటను, సందర్భం తెలియకుండా వాడితే, నోరు మూసుకోమన్న ఉపదేశంగా మారే ప్రమాదం ఉన్నది. గజాలీ ఆధారంగా చెప్పగలిగేది ఇంతే: తఫక్కుర్ కోరే నిశ్శబ్దం మాటకు ముందుండేది, మాటను బాధ్యతగలదానిగా చేసేది. తెలిసి పలికే మాటను అది ఆపదు. అబూ ఇస్రాయీల్‌ను మాట్లాడమని ఆదేశించిన హదీసు ఈ విషయంలో విమర్శకునికి స్పష్టమైన ఆధారం.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ణయాలకు రావచ్చు. ఇస్లాంలో నిశ్శబ్ద మననం సూఫీ మార్గాలకు పరిమితమైన అంశం కాదు, ఖురాన్‌లోనే దాని మూలాలున్నాయి. మౌనానికి దానంతటదానిగా కాక, అది సాధ్యం చేసే ఆలోచన వల్ల విలువ వచ్చింది. గజాలీ ఆ ఆలోచనకు తార్కిక నిర్మాణాన్ని ఇచ్చి, నడవడిని దానికి పరీక్షగా నిలిపాడు. ముందే నిర్ణయమైన ఫలం, అందరికీ అందని తీరిక – ఈ రెండూ ఆయన గ్రంథానికి హద్దులు. తెలుగులో ఈ భావనను చర్చించేవారు ‘ధ్యానం’ అన్న తేలిక మాటను విడిచి, మూలపదాల అర్థభేదాలను గుర్తించవలసి ఉన్నది.

ఈ గ్రంథం మన విద్యారంగానికి విడిగా ఒక ప్రశ్న వేస్తుంది. మూడువందలమంది విద్యార్థుల ఎదుట గొంతు పెగలని ఆచార్యుని కథ తొమ్మిది వందల ఏళ్ళ నాటిది. తరగతి గదిలో మనం చెప్పేవాటిలో విన్నవి ఎన్ని, తెలిసినవి ఎన్ని అన్న లెక్క చూసుకుంటే, ఆ కథ అంత పాతదిగా అనిపించదు.